83కి ఆరు, 85కి సున్నా

లెక్కల మాష్టారు మాట్లాడతాడనగానే రేడియో కట్టేసే అలవాటు కొందరికి ఉంటుంది. ఆ పని ఓ పావుగంట వాయిదా వేయండి. చేతికందేచోట ఒక పెన్సిలు, పాత క్యాలెండరు కాగితం వెనకవైపు ఉంటే చాలు. మాది సత్తెనపల్లి, వావిలాల గోపాలకృష్ణయ్యగారి ఊరు. మిర్చి కాటాల దగ్గర, పత్తి కొట్ల దగ్గర నోటిలెక్కతో వేలకు వేలు తేల్చేసేవాళ్ళు మా ఊరినిండా ఉన్నారు. ఇవాళ నేను చెప్పబోయేదానికి వాళ్ళ లెక్క సరిపోతుంది. కూడికలు, తీసివేతలు, అక్కడక్కడ ఒక భాగహారం.

రెండు రకాల సంఖ్యలు గుర్తుంచుకోండి. మొదటివి ప్రధాన సంఖ్యలు. ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగం పోనివి: 2, 3, 5, 7, 11, 13, 17, 19, అలా. రెండోవి వర్గాలు. ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేవి: 0, 1, 4, 9, 16, 25, 36, 49, 64, 81, 100. సున్నాని కూడా వర్గాల్లోనే కలిపాను, గమనించండి. లేకపోతే మీ లెక్కకీ నా లెక్కకీ పొంతన కుదరదు.

ఇప్పుడు కాగితం మీద 83 వేయండి. ఒక ప్రధాన సంఖ్యకు ఒక వర్గం కలిపితే 83 రావాలి. ఎన్ని రకాలుగా వస్తుంది? 83 లోంచి ఒక్కో వర్గాన్నీ తీసేస్తూ పోదాం. మిగిలింది ప్రధానమైతే ఒక గీత గీయండి. సున్నా తీస్తే 83, ప్రధానమే, ఒక గీత. 1 తీస్తే 82, కాదు. 4 తీస్తే 79, అవును. 9 తీస్తే 74, కాదు. 16 తీస్తే 67, అవును. 25 తీస్తే 58, కాదు. 36 తీస్తే 47, అవును. 49 తీస్తే 34, కాదు. 64 తీస్తే 19, అవును. 81 తీస్తే 2, అదీ ప్రధానమే. మొత్తం ఆరు గీతలు.

పక్కనున్న 84 చూడండి. 83కి 1 కలిపితే ఒకటి, 59కి 25 కలిపితే రెండు, 3కి 81 కలిపితే మూడు. అంతే. 86కీ మూడే: 61కి 25, 37కి 49, 5కి 81. మధ్యలో 85 ఉండిపోయింది. దాన్నుంచి వర్గాలు తీస్తూ పోతే వరసగా 85, 84, 81, 76, 69, 60, 49, 36, 21, 4 వస్తాయి. ఇందులో ప్రధానం ఒక్కటీ లేదు. ఒక్క గీత కూడా పడలేదు. 83కి ఆరు దక్కినచోట, రెండడుగుల అవతల 85కి సున్నా.

ఇది కేవలం రాత అని వదిలేయనక్కర్లేదు, కొంత కారణం చెప్పవచ్చు. 85 బేసి సంఖ్య. బేసిలోంచి బేసి వర్గం తీస్తే సరిసంఖ్య మిగులుతుంది, అది 2 అయితే తప్ప ప్రధానం కాదు. కాబట్టి 0, 2, 4, 6, 8, వీటి వర్గాలే పనికొస్తాయి. ఇక 3తో భాగించి చూద్దాం. 3తో భాగం పోని ఏ సంఖ్యనైనా తీసుకొని దాని వర్గాన్ని 3తో భాగిస్తే శేషం ఎప్పుడూ 1. 4 చూడండి, 16 చూడండి, 64 చూడండి. 85ని 3తో భాగించినా శేషం 1. ఒకటిలోంచి ఒకటి పోతే సున్నా. అంటే 4, 16, 64 తీసినప్పుడల్లా మిగిలింది 3తో భాగం పోయే తీరాలి: 81, 69, 21. చూశారా, మూడూ అలాంటివే. ఇక మిగిలిన ఆశలు రెండు: సున్నా తీయడం, 36 తీయడం. సున్నా తీస్తే 85, అది 5 పదిహేడులు. 36 తీస్తే 49, ఏడేళ్ళు నలభైతొమ్మిది. కథ అయిపోయింది.

83ని 3తో భాగిస్తే శేషం 2. దాంట్లోంచి ఏ వర్గం తీసినా 3తో భాగం పోదు. అందుకే దానికి అన్ని గీతలు. పోటీ మొదలవకముందే 85 చేతులు సగానికి పైగా కట్టేసి ఉన్నాయి, 83వి విడిగా ఉన్నాయి.

ఇలాంటి ఆటలు పెద్దవాళ్ళే ఆడారు. 1742 జూన్ 7న గోల్డ్‌బాక్ అనే ఆయన ఆయిలర్‌కు రాసిన ఉత్తరం ప్రసిద్ధం. రెండుకు మించిన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమే అని ఇవాళ మనం చెప్పుకునే ఊహకు మూలం అదే. 4 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య దాకా కంప్యూటర్లతో సరిచూశారు, నిరూపణ మాత్రం లేదు. గోల్డ్‌బాక్‌దే ఇంకో ఉత్తరం ఉంది, అంతగా ఎవరూ చెప్పుకోరు. 1752 నవంబర్ 18న రాశాడు. ప్రతి బేసి సంఖ్యా ఒక ప్రధానం, ఒక వర్గానికి రెట్టింపు కలిపితే వస్తుందని. ఆయిలర్ 2500 దాకా చూసి సరిగ్గానే ఉందన్నాడు. నూరేళ్ళు గడిచాక, 1856లో గోటింగెన్‌లో మోరిట్జ్ స్టెర్న్ అనే ఆచార్యుడు విద్యార్థుల్ని కూర్చోబెట్టి ఇంకా ముందుకు లెక్క కట్టించాడు. 5777 దగ్గర బండి ఆగింది. తర్వాత 5993 దగ్గర మళ్ళీ ఆగింది. ఇవాళ్టి యంత్రాలతో ఎంత దూరం వెతికినా మూడోది దొరకలేదు. 2500 దాకా చూసి తృప్తిపడ్డ ఆయిలర్‌ను తప్పుపట్టను గాని, సంఖ్యల విషయంలో ‘చాలా దూరం చూశాం కదా’ అనేది సాక్ష్యం కాదని ఈ రెండు సంఖ్యలూ చెప్పినంత గట్టిగా మరేదీ చెప్పలేదు.

మన ఆటకు సరైన రూపం ఇచ్చినవాళ్ళు కేంబ్రిడ్జిలో రామానుజన్‌తో కలిసి పనిచేసిన హార్డీ, ఆయన జోడీ లిటిల్‌వుడ్. 1923లో వాళ్ళొక పెద్ద వ్యాసం అచ్చువేశారు. అందులో ఒక ఊహ: తగినంత పెద్ద ప్రతి సంఖ్యా తానే వర్గమైనా అయి ఉంటుంది, లేదా ఒక ప్రధానం, ఒక వర్గం కలిస్తే వస్తుంది. వర్గాలను ఎందుకు మినహాయించారో మీరే తేల్చవచ్చు. బేసి సంఖ్యలను మొదట్నుంచీ కూడుతూ పోతే వర్గాలు వస్తాయి. 1కి 3 కలిపితే 4, దానికి 5 కలిపితే 9, దానికి 7 కలిపితే 16. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో చెప్పిన సంగతే ఇది. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లనను ఇంకొల్లు దగ్గరి పావులూరు వాడని మా ప్రాంతం వాళ్ళం గర్వంగా చెప్పుకుంటాం. ఒక వర్గంలోంచి చిన్న వర్గాన్ని తీస్తే మిగిలేది చివరి కొన్ని బేసి సంఖ్యల మొత్తం. అవి రెండో మూడో ఉంటే ఆ మొత్తం తప్పకుండా భాగం పోతుంది. ఒక్కటే మిగిలితేనే ఆశ, అది కూడా ఆ చివరి బేసి ప్రధానమైతేనే. 36 తీసుకుంటే చివరి బేసి 11, ప్రధానం. 25కి 11 కలిపితే 36. 25 తీసుకుంటే చివరి బేసి 9, ప్రధానం కాదు. పాతికకు దారి లేదు. ఇలా దారి లేని వర్గాలు అంతులేకుండా ఉన్నాయి.

వర్గాలను పక్కనబెడితే మిగిలిన మొండివి ఎన్ని? ఇప్పటిదాకా తెలిసినవి 21 మాత్రమే. 10, 34, 58, 85, 91, 130తో మొదలై 9634, 21679తో ఆగిపోతాయి. ఆ 21 సంఖ్యలనూ వరసగా రాసుకొని 3తో భాగించి చూడండి, సరదాగా ఉంటుంది. అంకెలు కూడితే చాలు శేషం తెలిసిపోతుంది. ఇరవై సంఖ్యలకు శేషం 1. ఒక్క 771కే సున్నా. శేషం 2 వచ్చేది ఒక్కటీ లేదు. 771ని పక్కనబెడితే 85 పడ్డ చిక్కే అన్నిటిదీ.

21679 సంగతి చెప్పకుండా ఉండలేను. దీంట్లోంచి తీయదగ్గ వర్గాలు 0 నుంచి 147 వర్గం దాకా 148 ఉన్నాయి. బేసివి పోతే 74. మూడుతో భాగం పోనివి పోతే 25. సున్నా, ఆరు, పన్నెండు, పద్ధెనిమిది, అలా ఆరో ఎక్కం మీద నడిచి 144 దాకా. ఆ ఇరవై అయిదూ ఒక ఆదివారం సాయంత్రం చేత్తో చేయదగ్గ లెక్కే. 21679 తానే ఏడుతో భాగం పోతుంది. 36 తీస్తే 21643, అది 23తో పోతుంది. 8100 తీస్తే 13579, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో, ప్రధానమేమో అనిపిస్తుంది. అది 37తో పోతుంది. చివరికి 144 వర్గం తీస్తే 943, అది 23 నలభై ఒకట్లు. ఇరవై అయిదుకు ఇరవై అయిదూ పోయాయి. దీని తర్వాత ఇంకొకటి ఉందా, లేదా? లేదని అందరి నమ్మకం. నిరూపించినవాళ్ళు లేరు.

విడివిడిగా సంఖ్యల్ని అడిగితే ఇంత పేచీ. ఇప్పుడు అందర్నీ కలిపి అడుగుదాం.

ఒకటి నుంచి వంద దాకా ప్రతి సంఖ్యకూ ఎన్ని గీతలు పడ్డాయో కూడి, వందతో భాగించాలి. వంద సంఖ్యలకూ విడివిడిగా తీసివేతలు చేయాలంటే తెల్లారిపోతుంది. ప్రశ్నను తిరగేస్తే సులువు. సంఖ్యను అడక్కుండా ప్రధాన సంఖ్యను అడుగుదాం: వంద దాటకుండా నువ్వు ఎన్ని వర్గాలతో జత కట్టగలవు? 2 అంటుంది, నా మీద ఇంకా 98 ఖాళీ ఉంది, 0 నుంచి 81 దాకా పది వర్గాలు పడతాయని. 19 కూడా సరిగ్గా పదే అంటుంది, 81 కలిపితే వంద నిండుతుంది. 23కి తొమ్మిది. 53కి ఏడు. 89కి నాలుగు. 97 దగ్గర 3 మాత్రమే ఖాళీ, 0, 1 రెండే వర్గాలు. వంద లోపు ప్రధాన సంఖ్యలు 25. అన్నిటి జవాబులూ కూడితే 194. వందతో భాగిస్తే సగటు 1.94. ఒక సంఖ్యకు ఆరు, ఒకదానికి సున్నా, సగటున రెండుకు కాస్త తక్కువ.

మా చుట్టూ నల్లరేగడిలో పత్తి వేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒక చేలో ఎకరానికి పది క్వింటాళ్ళు దిగితే, గట్టవతల చేలో గులాబీ రంగు పురుగు కొట్టి మూడే దిగవచ్చు. ఏ చేలో ఎంత దిగుతుందో ముందుగా చెప్పమంటే ఎవరి తరమూ కాదు. ఊరి సగటు మాత్రం కొద్ది చోట్ల పంట కోత ప్రయోగాలు చేసి పట్టుకోగలుగుతారు. ఆ సగటు చూపిస్తే ఏ రైతు బాకీ తీరదు, అది వేరే సంగతి.

సంఖ్యల్లో ఈ సగటుకు సూత్రం కూడా ఉంది. వంద బదులు ఎన్ అనే ఏ హద్దయినా తీసుకోండి. ఎన్ వర్గమూలంలో మూడింట రెండు వంతులు తీసుకొని, ఎన్ సహజ సంవర్గమానంతో భాగిస్తే దాదాపుగా సగటు వస్తుంది. వంద దగ్గర ఇది 1.45 అంటుంది, మనకొచ్చింది 1.94. తేడా ఉంది. హద్దు పెరిగేకొద్దీ నిష్పత్తి ఒకటికి దగ్గరవుతుంది, కాని నిదానంగా. పది లక్షల దగ్గర సూత్రం 48 దాకా చూపిస్తుంది. సగటున అన్నేసి దారులుంటే ఖాళీ చేతుల సంఖ్యలు ఎందుకు అరుదైపోతాయో ఊహించవచ్చు. 1937లో డేవెన్‌పోర్ట్, హైల్‌బ్రాన్ అనే ఇద్దరు ఈ అరుదుతనాన్ని నిరూపించారు. ప్రధానం, వర్గం కలిపితే రాని సంఖ్యల వాటా, హద్దు పెంచేకొద్దీ, సున్నాకు చేరుతుంది. ‘దాదాపు అన్నీ’ అని చెప్పగలిగారు. ‘ఫలానా దాని తర్వాత అన్నీ’ అని చెప్పలేకపోయారు. ఆ రెంటికీ మధ్యనున్న కాలవ ఇప్పటికీ పూడలేదు.

సగటు ఎంత అందంగా ఉంటుందో, ఎంత దాచిపెడుతుందో కలిపి చూడాలంటే ప్రధాన సంఖ్యలను వదిలి రెండు వర్గాల మొత్తాలకు వెళ్ళాలి. 25 ఎలా వస్తుంది? 3 వర్గం, 4 వర్గం కలిపితే వస్తుంది, 5 వర్గం, సున్నా కలిపినా వస్తుంది. రుణ సంఖ్యలనూ ముందువెనకలనూ వేరువేరుగా లెక్కపెడితే 25కి 12 దారులు. 3కి, 6కి, 7కి ఒక్కటీ లేదు. ఇందాక మనం జాలిపడ్డ 85 ఇక్కడ మోతుబరి: 81కి 4, 49కి 36, మొత్తం 16 దారులు. ఇప్పుడు సగటు ఎంత? గౌస్ దీన్ని గళ్ళ కాగితం మీద తేల్చాడు. గీతలు కలిసే ప్రతిచోటా ఒక చుక్క ఉందనుకోండి. మధ్య చుక్క దగ్గర వృత్తలేఖిని ఆనించి పది గళ్ళ వ్యాసార్ధంతో సున్నా చుట్టండి. లోపల, అంచు మీద పడే ఒక్కో చుక్కా వందకు మించని సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాసే ఒక్కో దారి. లెక్కపెడితే 317 చుక్కలు. వ్యాసార్ధం వంద చేస్తే 31417. వెయ్యి చేస్తే 31,41,549. అంకెలు మీకు ఎక్కడో తగిలే ఉంటాయి. వృత్తం వైశాల్యంలో వచ్చే పై, 3.14159, తలుపు తోసుకొని లోపలికొచ్చింది. రెండు వర్గాల మొత్తంగా రాసే దారుల సగటు పై. పూర్ణ సంఖ్యల కూడికల్లో వృత్తానికి ఏం పని అని అడిగేవాళ్ళకు ఈ గళ్ళ కాగితం చూపిస్తే చాలు.

అయితే ఆ వందలో రెండు వర్గాల మొత్తంగా వచ్చేవి 43 మాత్రమే. మిగతా 57కీ చేతులు ఖాళీ. సగటు 3కి పైన, సగానికి మించి సభ్యులకు సున్నా! ముందుకు పోయేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. ఖాళీ చేతులవాళ్ళు పెరుగుతూనే ఉంటారు, సగటు మాత్రం పై దగ్గర నుంచి కదలదు, ఎందుకంటే ఉన్న కొద్దిమందికే దారులు పోగుపడుతుంటాయి. ఎంత వేగంగా పలచబడతాయో 1908లో లాండౌ చెప్పాడు. ఆ సంగతి తెలియకుండానే మద్రాసులో కూర్చుని రామానుజన్ అదే ఫలితం పట్టాడు. 1913 జనవరి 16న హార్డీకి రాసిన మొట్టమొదటి ఉత్తరంలో అది ఉంది.

ఒక ప్రధానానికి రెండు వర్గాలు కలిపితే? అప్పుడు వెసులుబాటు ఎక్కువ. తగినంత పెద్ద ప్రతి సంఖ్యా అలా వస్తుందని హార్డీ, లిటిల్‌వుడ్ ఊహించారు. 1957లో హూలీ ఒక షరతు మీద చూపాడు, 1960 నాటికి రష్యాలో లినిక్ ఏ షరతూ లేకుండా నిరూపించాడు. ఒక వర్గం తోడైతే తెగిన ముడి, అది లేకపోతే నూరేళ్ళుగా బిగిసే ఉంది.

సగటు తెలిశాక పని అయిపోయినట్టేనా? సూత్రం చెప్పేదానికీ అసలు మొత్తానికీ మధ్య తేడా ఎంత అన్నది తర్వాతి ప్రశ్న. నిజం చెప్పాలంటే ఇప్పటి పరిశోధన అంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతోంది. 1859లో రీమన్ ఒక చిన్న వ్యాసంలో, ప్రధాన సంఖ్యల సరళిలోని హెచ్చుతగ్గులను జీటా ప్రమేయం అనేదాని సున్నాలు, అంటే దాని విలువ సున్నా అయ్యే చోట్లు, శాసిస్తాయని చూపాడు. అలా శాసించే సున్నాలన్నీ ఒకే నిలువు గీత మీద ఉండవచ్చన్నాడు. అదే రీమన్ ప్రతిపాదన, ఇంకా తేలలేదు. 1991లో జపాన్‌కు చెందిన ఫుజీ, గోల్డ్‌బాక్ జతల, అంటే రెండు ప్రధానాల మొత్తంగా రాసే దారుల, సగటు తీసి చూస్తే, ముందు నునుపైన పెద్ద పదం, ఆ వెనక ఒక్కో సున్నాకూ ఒక్కో అల కనిపించాయి. ఫ్రాన్స్‌లోని లీల్‌లో పనిచేసే గౌతమీ భౌమిక్ ఆ తేడా హద్దును ఇంకా బిగించినవారిలో ఒకరు. 2007లో గ్రాన్‌విల్ చెప్పింది వింటే ఆశ్చర్యం వేస్తుంది: ఆ సగటులో తేడా ఫలానా హద్దు దాటదు అనడమూ, రీమన్ ప్రతిపాదన నిజం అనడమూ ఒకటే. ఉత్త కూడికల సగటు, గణితంలో అన్నిటికన్నా పెద్ద చిక్కుముడికి సరిసమానమై కూర్చుంది.

ప్రధానం, వర్గం కలిసే మన ఆటకు ఈ పని చేసినవాళ్ళు ఇటలీలో లాంగ్వాస్కో, జక్కాన్యీని. 2013లో వాళ్ళ వ్యాసం వచ్చింది. మామూలు సగటులో ఒక ఇబ్బంది ఉంది. 100 దాకా లెక్కలోకి వస్తాయి, 101 నుంచి అసలు రావు. ఆ తెంపు దగ్గర అలలు రేగుతాయి. వాళ్ళు చెసారో అనే నేపుల్స్ గణితవేత్త పద్ధతి తీసుకున్నారు. చిన్న సంఖ్యలకు పూర్తి విలువ ఇచ్చి, హద్దు దగ్గరయ్యేకొద్దీ విలువ తగ్గించుకుంటూ పోయి, హద్దు దగ్గర సున్నా చేస్తారు. అలా కడితే అలలు అణిగి, జీటా సున్నాల వంతు ఎంతో, వర్గాల వంతు ఎంతో విడివిడిగా రాయగలిగారు. వర్గాల వంతులో బెసెల్ ప్రమేయాలు వచ్చాయి. గౌస్ వృత్తంలో చుక్కల లెక్క తప్పే తీరును చెప్పేవి కూడా అవే. చెసారో పుట్టింది 1859లో, రీమన్ వ్యాసం వచ్చిన ఏడాదే. కాకతాళీయమే, కాని చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

ఇంతసేపూ ఒక్కటే పాట పాడాను: విడి సంఖ్య మొండిది, సగటు మెత్తనిది. దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ మా ఉమ్మడి జిల్లా మనిషి పేరుతోనే ఉంది.

బాపట్ల దగ్గర యాజలిలో 1921 మే 4న పుట్టారు మతుకుమల్లి వెంకట సుబ్బారావుగారు. 1941లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎంఏ చేశారు. అక్కడా, తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయంలో కొంతకాలం ఉండి, 1963లో కెనడాలోని ఎడ్మంటన్ చేరి, ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలోనే జీవితం గడిపారు. నలభైమందికి పైగా సహరచయితలతో వ్యాసాలు రాశారు, వారిలో పాల్ ఎర్డోష్ ఒకరు. ఆయనకు బాగా ఇష్టమైన లెక్క విభజనలది. 4ను ఎన్ని రకాలుగా కూడికలుగా విడగొట్టవచ్చు? ఒక్క 4; 3కి 1; 2కి 2; 2కి రెండు ఒకట్లు; నాలుగు ఒకట్లు. మొత్తం ఐదు. 5కి ఏడు. 10కి 42. 100కి వచ్చేసరికి 19,05,69,292.

ఇక్కడ విడి సంఖ్య ఏమాత్రం మొండిది కాదు. 1918లో హార్డీ, రామానుజన్ కలిసి దీనికి దాదాపు కచ్చితమైన సూత్రం కట్టారు. 1923 వ్యాసంలో ప్రధానాల మీద, వర్గాల మీద ప్రయోగించిన పనిముట్టు పుట్టింది ఇక్కడే. 1937లో రాడెమాకర్ దాన్ని పూర్తిగా కచ్చితం చేశాడు. ఏ సంఖ్య చెప్పినా దాని విభజనలు ఒక్కటి కూడా తేడా లేకుండా చెప్పవచ్చు. అయినా, ఆ వచ్చే జవాబుల్లో ఎన్ని సరి, ఎన్ని బేసి అని అడగండి, సూత్రం నోరు మెదపదు.

1966లో సుబ్బారావుగారు ఒక ఊహ చేశారు. ఏదైనా అంకశ్రేఢి తీసుకోండి, ఉదాహరణకు 7తో భాగిస్తే 3 మిగిలే సంఖ్యలు: 3, 10, 17, 24, అలా. వాటి విభజనల సంఖ్యల్లో సరివీ అనంతంగా ఉండాలి, బేసివీ అనంతంగా ఉండాలి. ఏ శ్రేఢికైనా ఇంతే. సరి సగాన్ని 1996లో కెన్ ఓనో నిరూపించాడు. బేసి సంగతి అంత తొందరగా లొంగలేదు. ఒక్క బేసి కనిపిస్తే అనంతంగా ఉంటాయని ఓనో చూపాడు గాని, ఆ ఒక్కటి ప్రతి శ్రేఢిలోనూ ఉందని చూపడానికి 2012 దాకా పట్టింది. ఆస్ట్రియాలో రాదు అనే ఆయన ముగించాడు. సుబ్బారావుగారు 2006 ఫిబ్రవరి 15న ఎడ్మంటన్‌లో కన్నుమూశారు. సరి సగం చూడగలిగారు, బేసి సగం చూడలేదు.

ఇక సగటు. సరివి సగం, బేసివి సగం ఉండాలని 1967లో పార్కిన్, షాంక్స్ అనే ఇద్దరు 20 లక్షలు దాటి లెక్కపెట్టి ప్రతిపాదించారు. బొమ్మ బొరుసు వేసినట్టే సగం సగం. నిరూపణ ఎంత దూరం వచ్చింది? పది లక్షల దాకా తీసుకుంటే బేసివి ఐదు లక్షల దగ్గర ఉండాలి. ఇప్పటిదాకా గణితం రాసివ్వగలిగిన హామీ వర్గమూలం స్థాయిని కూడా పూర్తిగా అందుకోలేదు, అంటే వెయ్యి లోపు మాట. ఒక్కో సంఖ్య దగ్గరా జవాబు చివరి అంకె దాకా చేతిలో ఉంది, మొత్తం మీద సగమా కాదా అంటే మాత్రం ఐదు లక్షలకూ వెయ్యికీ మధ్య ఎక్కడో నిలబడి ఉన్నాం.